చాదర్‌ఘాట్ ఒకప్పుడు వేరే ఊరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మూసీ మీది వంతెనల గురించి రాస్తూ, చాదర్‌ఘాట్ మున్సిపాలిటీ 1933లో హైదరాబాద్‌లో కలిసిపోయిందని ఒక్క మాట రాసి ముందుకు వెళ్ళాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ ఒక్క మాట పట్టుకునే అడిగాయి. నాకు చాలా సంతోషమేసింది. కోఠీ మహిళా కళాశాలలో చదువుకుని, ఆ చుట్టుపక్కలే ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. చాదర్‌ఘాట్ గురించి అడిగేవాళ్ళు దొరకడమే అరుదు. అందుకే ఈసారి శీర్షిక అంతా దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది ఉప్పల్. మా ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీని 2007లో జీహెచ్‌ఎంసీలో కలిపారు. మాది విడి ఊరంటే అర్థముంది, మధ్యలో పొలాలుండేవి. కానీ చాదర్‌ఘాట్ వేరే పట్టణం ఎలా అవుతుంది? కోఠీ నుంచి చార్మినార్‌కు రోడ్డు ఖాళీగా ఉంటే ఆటోలో పది నిమిషాలు కదా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పది నిమిషాలే. కానీ ఆ పది నిమిషాల దారిలో అప్పట్లో నది అడ్డం. నది దాటితే కోటగోడ. గోడకు దర్వాజాలు, రాత్రయితే ఆ దర్వాజాలు మూసేసేవాళ్ళు. పొద్దుపోయాక అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే.

1591లో కులీ కుతుబ్ షా కట్టించిన ఊరు మూసీకి దక్షిణాన ఉంది. దాని చుట్టూ ప్రాకారం చాలా కాలం తర్వాత లేచింది. మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే, మొదటి అసఫ్ జా హయాంలో 1740 నాటికి పూర్తయింది. ఆ దర్వాజాల్లో ఇవాళ పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా నిలిచి ఉన్నాయి. నది ఒడ్డున చాదర్‌ఘాట్ దర్వాజా అని కూడా ఒకటి ఉండేది, అది పోయింది. సర్కారు కాగితాల్లో గోడ లోపలి ఊరు అందరూన్ బల్దా, గోడ బయటిది బైరూన్ బల్దా. కాచిగూడలో ఉండే మా నాయనమ్మ గాజులు కొనడానికి చార్మినార్‌కు బయల్దేరుతూ "షహర్ లోపలికి పోయొస్త బిడ్డా" అనేది. అప్పటికి గోడ చాలా మటుకు కూలిపోయింది, ఊళ్ళు రెండూ ఎప్పుడో ఒకటయ్యాయి. అయినా ఆమె లెక్కలో కాచిగూడ షహర్ కాదు. షహర్ అంటే నది అవతలిదే.

బయటి వైపున ఊరు బలపడడానికి మొదటి కారణం బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసం. అంతకు ముందు అక్కడ ఏమీ లేదనుకోవద్దు. తోటలుండేవి, 1786లో ఫ్రెంచి సేనాని రేమాండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా ఉండేది, మనం ఇవాళ గన్‌ఫౌండ్రీ అంటున్నది అదే. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులోనే రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించాడు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇంగ్లీషువాళ్ళ మాటకు ఎదురు లేకుండా పోయింది. 1803 ప్రాంతంలో రెసిడెన్సీ భవనం పని మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు. స్థలం అడగడానికి పెద్ద పటం పట్టుకెళితే నిజాం కాదన్నాడనీ, అదే పటాన్ని చిన్న కాగితమ్ముక్క మీద గీసి చూపిస్తే సరేనన్నాడనీ ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా ఆ భవనం చూస్తే కాగితమ్ముక్కలో పట్టేది కాదని తెలుస్తుంది. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు, లోపల దర్బారు హాలు, దాని వెనక రెండుగా చీలి పైకి వెళ్ళే మెట్లు. మేం పరీక్షల ఫీజు కట్టడానికి ఆ సింహాల పక్కనే వరసలో నిలబడేవాళ్ళం. ఎవరి ఇంట్లో నిలబడ్డామో అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. నేను లెక్చరరయ్యాక మొదటి తరగతి ఆ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పడం అందుకే అలవాటు చేసుకున్నాను.

కిర్క్‌పాట్రిక్ ఖైరున్నిసా బేగంను పెళ్ళాడాడు. ఆమెకు పరదా. అందుకని జనానా తోటలో ఆ పెద్ద భవనానికి చిన్న నమూనా కట్టించి చూపించాడని అంటారు. ఆమె ఉన్న రంగ్‌మహల్‌ను తర్వాతి కాలం ఇంగ్లీషు అధికారులు ఉంచలేదు, కూల్చేశారు. పేరు మాత్రం కోఠీ పక్కన రంగ్‌మహల్ చౌరస్తాగా మిగిలింది. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో పోయాడు, తను కట్టించిన ఇంట్లో ఎక్కువ కాలం ఉండనే లేదు.

రెసిడెన్సీ వచ్చాక దాని చుట్టూ షావుకార్లు చేరారు. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్లో కోస్తా తెలుగువాళ్ళ డబ్బు కూడా ఉంది. విలియం పామర్ అని ఒకాయన ఉండేవాడు. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాం సైన్యంలో పనిచేసి, 1810ల్లో చాదర్‌ఘాట్‌లో పామర్ అండ్ కంపెనీ అని వడ్డీ వ్యాపారపు కొఠీ తెరిచాడు. నిజాం సర్కారుకే అప్పులిచ్చాడు, నూటికి ఇరవైనాలుగు, ఇరవైఐదు వడ్డీకి. సర్కారు జీతాలు పామర్ అప్పు మీద నడిచే స్థితి వచ్చింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ దీన్ని అడ్డుకున్నాడు. బాకీ ఎలా తీరింది? ఉత్తర సర్కారులకు, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న జిల్లాలకు, ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల రూపాయలు పేష్కష్, అంటే కప్పం, కట్టాలి. 1823లో ఆ పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేసుకుని, బదులుగా కోటి రూపాయలకు పైగా ఒకేసారి లెక్క చూపించి, దాంతో పామర్ బాకీ చెల్లు వేశారు. గోదావరి, కృష్ణ ఒడ్డు రైతులు కట్టిన శిస్తులోంచి నిజాంకు కలకాలం రావలసిన సొమ్ము మూసీ ఒడ్డున ఒక షావుకారు పద్దులో తీరిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఉత్తర సర్కారుల పాఠం ఒక చోట, హైదరాబాద్ పాఠం ఇంకో చోట ఉంటాయి. ఈ రెంటినీ కలిపే ముడి చాదర్‌ఘాట్‌లో ఉంది. పామర్ కంపెనీ దివాలా తీసింది కానీ ఆయన మాత్రం 1867 దాకా బతికాడు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, అంటే పఠాను సిపాయిలు, నది అవతలి నుంచి వచ్చి ఈ రెసిడెన్సీ మీదే దాడి చేశారు. పుత్లీబౌలి వైపు అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్ ఇళ్ళను స్థావరం చేసుకుని రాత్రంతా కాల్పులు జరిపారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్‌ను తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీ బస్టాండు దగ్గర ఆ జ్ఞాపకార్థం స్తూపం ఉంది. దాడి తర్వాత రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు ఎత్తు పెరిగాయి. ఊరికి ఊరు మధ్య దూరం కూడా పెరిగింది.

ఇక మీరడిగిన మున్సిపాలిటీ సంగతి. 1869లో మొదటి సాలార్‌జంగ్ పురపాలన మొదలుపెట్టినప్పుడు నగరాన్ని నాలుగు భాగాలు, చాదర్‌ఘాట్ శివార్లను అయిదు భాగాలు చేశారు. గోడ లోపల నాలుగైతే గోడ బయట అయిదు! 1886లో చాదర్‌ఘాట్‌ను వేరే అధికారికి అప్పగించారు, అది సొంత మున్సిపాలిటీ అయింది. ఇక్కడ చాదర్‌ఘాట్ అంటే వంతెన పక్కనున్న పేట ఒక్కటే కాదు, నది ఉత్తరాన పెరుగుతున్న కొత్త ఊరికి సర్కారు పెట్టుకున్న పేరది. 47 ఏళ్ళు అది తన పాలన తాను చూసుకుంది. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీకి అంత ఆయుష్షు దక్కలేదు, ఆలోచించండి.

ప్రశ్న: చాదర్‌ఘాట్ వంతెనను పాత పుస్తకాల్లో "ఆలిఫెంట్ బ్రిడ్జి" అన్నారు. నిజాం ఏనుగులు నది దాటడానికి కట్టారని మా సార్ చెప్పారు, నిజమేనా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, సైదాబాద్

జవాబు: ఏనుగులకు సంబంధం లేదమ్మా. కర్నల్ జేమ్స్ ఆలిఫెంట్ అనే మద్రాసు ఇంజనీరు పేరది. 1831లో పూర్తయింది. అంతకు ముందు నది మీద ఉన్నది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే. రెసిడెన్సీ నుంచి వంతెన మీదుగా నగరంలోకి వెళ్ళాలంటే పడమరగా చాలా దూరం చుట్టు తిరగాలి. అందుకే రెసిడెన్సీకి దగ్గరగా రెండో వంతెన లేచింది. మీ సారుకు ఈ జవాబు చూపించు, ఏమీ అనుకోరు.

ప్రశ్న: అమ్మా, మాది సుల్తాన్‌బజార్‌లో మూడు తరాల బట్టల కొట్టు. మా తాతగారు చిన్నప్పుడు ఇదంతా "ఇంగ్రేజీ హద్దు" అనీ, ఇక్కడి పోలీసులు వేరు, కచేరీ వేరు అనీ చెప్పేవారు. నిజాం రాజ్యం నడిబొడ్డున అదెలా సాధ్యం? మా పిల్లలు నమ్మడం లేదు.
— ఒక వ్యాపారి, సుల్తాన్‌బజార్

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. పిల్లలకు ఇది చదివి వినిపించండి.

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లను రెసిడెన్సీ బజార్లు అనేవాళ్ళు. వాటి మీద పెత్తనం నిజాంది కాదు, రెసిడెంటుది. న్యాయం, పోలీసు అన్నీ ఆయన కింద. నిజాం రూపాయి హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ళ రూపాయిని జనం కల్దార్ అనేవాళ్ళు. రెంటికీ మారకం తేడా ఉండేది. వీధి ఈ చివర ఒక చట్టం, ఆ చివర ఇంకో చట్టం. ఈ బజార్లను 1933లో నిజాంకు తిరిగి ఇచ్చేశారు. అప్పుడు వచ్చిన పేరే మీ సుల్తాన్‌బజార్. కొట్టు మూడు తరాలది అంటున్నారు కాబట్టి మీ తాతగారు కొట్టు గుమ్మంలోంచి కదలకుండానే ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యంలోకి వచ్చి ఉంటారు.

అయితే ఈ హద్దు వల్ల తెలుగుకు జరిగిన మేలు చెప్పకుండా నేను ఆగలేను. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. సభ పెట్టాలంటే అనుమతి, సంఘం పెట్టాలంటే అనుమానం. తర్వాతి కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు వచ్చి సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. రెసిడెన్సీ బజార్లలో ఆ పట్టు అంత బిగువుగా లేదు. 1901 సెప్టెంబరు 1న రాంకోఠీలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆ పనిలో ముందున్నారు. ఇప్పుడది మీ సుల్తాన్‌బజార్‌లోనే ఉంది. మీ కొట్టు నుంచి నడిచి వెళ్ళే దూరం.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1921 నవంబరులో, వివేకవర్ధిని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. జనం విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, చప్పట్లు, ఈలలు. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవాళ్ళున్న చోట తెలుగుకు ఆ గతి పట్టింది. ఆ అవమానం తట్టుకోలేక అక్కడున్న తెలుగువాళ్ళు కొద్దిమంది ఆ వెంటనే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి, నవంబరు 12న ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆంధ్ర మహాసభ దాన్లోంచే పుట్టింది, తెలంగాణ రాజకీయమంతా ఆ మహాసభలోంచే పెరిగింది. సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన మాడపాటి హనుమంతరావు 1951లో హైదరాబాద్ నగరానికి మేయరయ్యారు. ఇదంతా జరిగింది చార్మినార్ నీడన కాదు. నదికి ఈవల, చాదర్‌ఘాట్ వైపున. ఆధునిక తెలుగు ప్రజాజీవితానికి హైదరాబాద్‌లో పుట్టిల్లు ఏదంటే నేను చాదర్‌ఘాట్ అనే చెబుతాను. మా విద్యార్థినులకు ఈ మాట చెప్పి చెప్పి గొంతు పోయింది. మళ్ళీ చెబుతున్నాను.

ప్రశ్న: 1908 మూసీ వరదకూ ఈ విలీనానికీ సంబంధం ఉందా? కాలక్రమం చూస్తే వరద తర్వాత ఇరవైఅయిదేళ్ళకు కలిపారు.
— విశ్రాంత ఇంజనీరు, కాచిగూడ

జవాబు: ఉందనే నా అభిప్రాయం, అయితే సూటిగా కాదు. మీరు ఇంజనీరు కాబట్టి నీళ్ళ వైపు నుంచే చెబుతాను.

రెండు ఊళ్ళూ ఒకే నది ఒడ్డున ఉన్నా తాగే నీళ్ళు వేరు. గోడ లోపలి నగరానికి మీర్ ఆలం చెరువు, రెసిడెన్సీకీ చాదర్‌ఘాట్‌కూ హుస్సేన్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నది ఈ తేడాలేవీ చూడలేదు. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ తెగాయి. మూడు వందల ఏళ్ళ పాతదైన పురానాపూల్ ఒక్కటే నిలబడి రెండు ఒడ్లనూ కలిపింది. 15,000 మంది పోయారని అంచనా. ఉత్తరపు ఒడ్డున, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. దాని కొమ్మలెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. నగరాన్ని కాపాడాలంటే ఎగువన నీళ్ళు ఆపాలని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరద ఆగడం ఒక ఎత్తయితే, తాగునీరు ఒకే చోట నుంచి రావడం ఇంకో ఎత్తు. ఒకే జలాశయం నీళ్ళు రెండు మున్సిపాలిటీలకు పారుతుంటే రెండు లెక్కలు, రెండు ఆఫీసులు ఎన్నాళ్ళు నడుస్తాయి? 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా హద్దులు పట్టించుకోకుండా రెండు వైపులా రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు వాడలు తీసేసి ఇళ్ళు కట్టించింది. నది ఒడ్డునే ఎదురుబొదురుగా పెద్ద కట్టడాలు లేచాయి. దక్షిణాన హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి, ఆ తర్వాత 1936లో అసఫియా గ్రంథాలయం. అంతకు ముందు రెండు ఊళ్ళూ నదికి వీపు పెట్టి కూర్చున్నాయి. వరద తర్వాతే మొహాలు ఇటు తిప్పాయి.

నది మాత్రం హద్దులు మర్చిపోలేదు. 2020 అక్టోబరులో, మళ్ళీ 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు చాదర్‌ఘాట్ చిన్న వంతెన మునిగింది, మూసానగర్, శంకర్‌నగర్ వాళ్ళు పిల్లల్నీ సామాన్లనీ ఎత్తుకుని మెరక చూసుకున్నారు. 2025లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్ళొచ్చాయి. ఆ బస్తీల్లో ఇప్పుడు నది అభివృద్ధి పేరుతో ఇళ్ళు తీసేసి జనాన్ని వేరే చోట్లకు పంపుతున్నారు. చాదర్‌ఘాట్ అనే పేరు చిరునామాలో ఇంకా మిగుల్చుకున్నది ఎక్కువగా ఆ జనమే. వాళ్ళను కదిలించేటప్పుడు వాళ్ళ మాట కూడా వినాలని నా కోరిక. ఇది చరిత్ర శీర్షికలో రాయదగ్గదా అని ఎవరైనా అడగొచ్చు. నాకు రాయదగ్గదే అనిపించింది.

ప్రశ్న: సికింద్రాబాద్ కూడా హైదరాబాద్‌లో కలిసింది కదా, దాని పేరు చెక్కుచెదరలేదు. చాదర్‌ఘాట్ పేరే ఎందుకు చిన్నబోయింది?
— ఒక గృహిణి, మారేడుపల్లి

జవాబు: మంచి ప్రశ్న వేశారు. 1945లో మున్సిపాలిటీ అయిన సికింద్రాబాద్‌ను 1960 ఆగస్టు 3న హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపారు. కానీ సికింద్రాబాద్‌కు తన స్టేషన్ ఉంది, కంటోన్మెంటు ఉంది, తన బజార్లున్నాయి. 1874లో రైలు మొదట వచ్చిందే అక్కడికి. "మాది సికింద్రాబాద్" అని చెప్పుకునే జనముంది.

చాదర్‌ఘాట్ అలా కాదు. అది కాగితం మీద పెద్ద పేరు. జనం నోట్లో ఉన్నవి మొహల్లాల పేర్లు. పుత్లీబౌలి, ట్రూప్‌బజార్, బడీచౌడీ, కాచిగూడ, నాంపల్లి, నారాయణగూడ. మున్సిపాలిటీ బోర్డు దిగిపోగానే ఎవరి మొహల్లా పేరు వాళ్ళకు మిగిలింది, పెద్ద పేరు వంతెన దగ్గరికి వచ్చి ఆగింది. ఇప్పుడు చాదర్‌ఘాట్ అంటే చౌరస్తా, వంతెన, పోలీస్ స్టేషన్, వాటి చుట్టూ బస్తీలు.

నన్నడిగితే మాత్రం చాదర్‌ఘాట్ హైదరాబాద్‌లో కలవలేదు, హైదరాబాదే నది దాటి చాదర్‌ఘాట్ వైపు వచ్చింది. లెక్క చూడండి. నిజాం కాలేజీ 1887లో, నాంపల్లి స్టేషన్ 1907లో, టౌన్‌హాలు, అంటే ఇవాళ్టి శాసనసభ భవనం, 1913లో, కాచిగూడ స్టేషన్ 1916లో, రెడ్డి హాస్టల్ 1918లో, అన్నీ నదికి ఉత్తరానే. చివరి నిజాం చౌమహల్లాలో ఉండకుండా కింగ్‌కోఠీలో కాపురం పెట్టాడు. రాజే గోడ బయటికి వచ్చేశాక గోడ లోపలిది నగరం, బయటిది శివారు అనడానికి ఏం మిగిలింది? 1933లో ఆ సంగతి కాగితం మీద రాసుకున్నారు, అంతే. పేరు మాత్రం పాత ఊరిదే నిలిచింది. అదీ న్యాయమే, 1591 నుంచి ఉన్న పేరది. కానీ రెండో ఊరి పేరు కనీసం బడి పుస్తకంలోనైనా ఉండాలి. మన హైదరాబాద్ పాఠం చార్మినార్ దగ్గర మొదలై గోల్కొండలో ఆగి, అక్కడి నుంచి నేరుగా హైటెక్ సిటీకి దూకేస్తుంది. మధ్యలో ఒక ఊరికి ఊరే జారిపోతోంది. పాఠ్యపుస్తకాలు రాసే కమిటీల్లో మా దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారని విన్నాను. ఈ పత్రిక వాళ్ళ కంటబడితే బాగుండును.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు పిల్లల్ని ఒక ఆదివారం చాదర్‌ఘాట్ చూపించడానికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
— వాకర్స్ బృందం, నల్లకుంట

జవాబు: పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే కోఠీలో నడవడం పిల్లల వల్ల కాదు. చాదర్‌ఘాట్ వంతెన మీద ఉత్తరం వైపు మొహం పెట్టి నిలబడి, ఏ ఒడ్డు నగరం, ఏ ఒడ్డు చాదర్‌ఘాట్ అని ముందు వాళ్ళకు చూపించండి. ఇది తెలియకపోతే మిగిలినదేదీ బుర్రకెక్కదు. అక్కణ్ణుంచి రంగ్‌మహల్ చౌరస్తా మీదుగా మహిళా విశ్వవిద్యాలయానికి వెళ్ళండి. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ పేరున ఉంది. రెసిడెన్సీ భవనం లోపలే. లోపలికి పంపాలంటే ముందుగా విశ్వవిద్యాలయం అనుమతి తీసుకోవాలి, సెక్యూరిటీ వాళ్ళతో గేటు దగ్గర వాదన పెట్టుకోకండి. రాతి సింహాలు, స్తంభాలు చూశాక పుత్లీబౌలి వైపు బయటికొచ్చి 1857 స్తూపం దగ్గర ఆగి తుర్రేబాజ్ ఖాన్ కథ చెప్పండి. పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది. ఆ తర్వాత బడీచౌడీ మీదుగా సుల్తాన్‌బజార్. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. తెరిచి ఉంటే పిల్లల్లో ఒక్కరినైనా సభ్యులుగా చేర్పించి రండి.